పాతరకు ఊపిరి

"ఆ పలుపన్నా నా చేతికిప్పియ్యి, లేకుంటే నన్ను తీసుకపోయి ఆ గుంతలోనే పూడ్చు. రెండిట్లో ఏదో ఒగటి ఈ పొద్దు తేలిపోవల్ల!"

ఓబమ్మ ఈ మాట అన్నది కోడలితో. విన్నది మాత్రం వీధి వీధంతా.

కోడలు ఆంజినమ్మ కొట్టం వెనక, ఎర్రమన్నూ పేడా కలిపి అలికిన పాతర పక్కన, కొంగు నడుముకు చుట్టి, పార నేలకానించి నిలబడింది. ఇద్దరి నడుమా చిన్నప్ప ఉన్నాడు. ఒక చేత్తో జెర్సీ ఆవు పలుపు పట్టుకుని, అమ్మ అరిస్తే అమ్మ వైపు, పెళ్ళాం చూస్తే పెళ్ళాం వైపు తల ఊపుతున్నాడు. పలుపు ఎవరి చేతికిచ్చినా రాత్రికి తనకు కూడు దొరకదని వాడికి తెలుసు.

"నాకేం తొందర ల్యా వదినా," అన్నాడు దళారి సోమప్ప అరుగు మీద నుంచి. "మీరు నిదానంగా కొట్లాడుకోండి. కళ్యాణదుర్గం సంత రేపు గదా."

కరువు సంవత్సరం దళారికి తొందరెందుకు ఉంటుంది! గొడ్లే వాడి ఇంటికి నడిచొస్తాయి. సోమప్ప రెండో చెంబు మజ్జిగ ఎత్తిపట్టి తాగాడు. ఆ మజ్జిగ కూడా తాను తోలుకుపోవడానికి వచ్చిన ఆవుదే.

ఇంటి పెద్ద గంగాధరప్ప కొట్టం గుంజను కరుచుకుని నిలబడి ఉన్నాడు. ఆ పూట ఎవరైనా వచ్చి అడిగితే తన పెద్దరికం ఊరికే ఇచ్చేసేటట్టు ఉన్నాడు.

పోయిన వారం గొడవంతా తిరిగి తిరిగి ఒక ఒప్పందం దగ్గర ఆగింది. ఈ రోజు పాతర తెరవాలి. లోపలి మేత పశువు తినేదిగా ఉంటే ఆవు ఇంట్లో ఉంటుంది. కుళ్ళి ఉంటే సోమప్ప వెంట సంతకు పోతుంది. అత్త సరేనంది, కోడలు సరేనంది. చిన్నప్ప రెండుసార్లు సరేనన్నాడు.

అసలు పేచీ జొన్న దగ్గర మొదలైంది. ఎన్ను తీసిన జొన్నకు గింజ పట్టే వేళకు వాన మొహం చాటేసింది. చేను నిలువునా ఎండిపోకముందే, పచ్చదనం ఉండగానే, ఆంజినమ్మ దాన్ని కోయించి, ముక్కలు నరికించి, గుంతలో పోసి, కాళ్ళు బొబ్బలెక్కేదాకా తొక్కి, గాలి దూరకుండా మూసేసింది. ఆమెది మడకశిర దిక్కు. అక్కడ ఆమె అన్న ఇట్లా పాతర గడ్డి వేసే రెండు వేసవులు పశువుల్ని నిలబెట్టుకున్నాడట. ఓబమ్మ లెక్కలో మాత్రం అది బతికున్న పైరుకు కట్టిన సమాధి.

"పచ్చమేతను పాతిపెట్టి, దిక్కులు చూస్తాండే కోడల్ని నేను నా పుట్టుకలో చూళ్ళేదు," అని ఆమె కనిపించిన వాళ్ళందరికీ చెప్పింది. కనిపించని వాళ్ళకు చెప్పి పంపింది.

ఆవు సంగతికొస్తే, దానికి దొరసాని అని ఎత్తిపొడుపుగా పేరు పెట్టింది ఓబమ్మే. ఆ పేరే నిలిచిపోయింది. అది ఇంటికొచ్చిన రోజు గంగాధరప్ప దాని చుట్టూ తిరిగి చూసి, "మూపురం లేదు, గంగడోలు లేదు. ఇది ఆవా, ఆఫీసరా?" అన్నాడు. ఆ మాటకు ఊరు చాలా రోజులు నవ్వుకుంది. ఆ తర్వాత సంగతి ఊరికి తెలియదు. తిడుతూ దగ్గరికి పోయిన ముసలాయన భుజం మీది తువ్వాలును దొరసాని ఆప్యాయంగా నాకింది. మరునాటి నుంచి ఆయన సంగటి ముద్దలో నాలుగో వంతు కంచంలో నుంచి మాయమయ్యేది. ఆ ఆవును సంతకు తోలితే గంగాధరప్పకు ఊపిరి ఆగినంత పని అవుతుంది. ఆ ముక్క నోటితో చెప్పమంటే మాత్రం చావనైనా చస్తాడు గానీ చెప్పడు. ఆఫీసరని అన్న నోరు కదా.

ఇంతవరకూ పరవాలేదు. ఆయన గుంజను కరుచుకోవడానికి కారణం వేరే ఉంది. దానికి మూలం ఆయన పేరులోనే ఉంది.

ఊళ్ళో ఆయన్ని ఉత్త గంగాధరప్ప అనరు, పాతర గంగాధరప్ప అంటారు. జొన్నలు దాచిన పాతర ఎవరు తెరవాలన్నా ఆయనకు పిలుపు రావాల్సిందే. మూత తీయించి, లోపలి ఆవిరి పోయేదాకా ఎవరినీ దగ్గరికి రానివ్వడు. దీపం దింపి చూస్తాడు. దీపం ఆరిపోతే ఎంత మొనగాడినైనా దిగనివ్వడు. "పాతరకు ఊపిరి ఉంటాది. ఊపిరి తీయని పాతర మనిషిని మింగుతాది," అని ఆయన తండ్రి చెప్పేవాడు. ఆ మాట పట్టుకునే ఆయన ఇన్నేళ్ళూ బతికాడు, పదిమందిని బతికించాడు.

అంతటి మనిషి ఇంట్లో ఉండగా కోడలు మాట మాత్రం అడగకుండా పాతర మూసేసింది! మనసు చివుక్కుమంది. అడగనిదే చెప్పకూడదనుకున్నాడు. కానీ ఊపిరి లేక లోపలి మేత ఉడికి చచ్చిపోతే? దొరసాని గతేమిటి?

అందుకని దినామూ తెల్లవారుతుండగా చెంబు పట్టుకుని వెళ్ళినప్పుడల్లా, తంగేడు పొద చాటున ఈశాన్యం మూలలో కట్టెతో చిల్లి పెట్టి, లోపలి నుంచి వెచ్చటి పుల్లటి ఆవిరి మొహానికి కొట్టేదాకా ఉండి, తృప్తిగా తల పంకించి, గుప్పెడు పేడతో మూసేసి వచ్చేవాడు. ఊపిరి బాగా ఆడుతోందని సంతోషం పట్టలేక చిల్లిని రోజురోజుకూ పెద్దది చేశాడు. సర్కారు డాక్టరు కూడా ఇంత శ్రద్ధగా చూడడని తనను తాను మెచ్చుకున్నాడు.

నిన్న సాయంత్రం బోరింగు దగ్గర ఆంజినమ్మ ఆడవాళ్ళకు చెబుతుంటే విన్నాడు. "రవ్వంత గాలి దూరినా సాలక్కా, లోపల మేతంతా కుళ్ళి కంపు కొడ్తాది. ఊపిరాడకుండా పెట్టేదే దీంట్లో ఉండే మర్మం."

గంగాధరప్ప నోట్లోని వక్క జారి కింద పడింది.

"పొద్దెక్కుతాండాది, ఇంగ తెరువు," అంది ఓబమ్మ. పసుపు, కుంకుమ, టెంకాయ తెచ్చింది. తాను సమాధి అన్నదానికి తానే పూజ సామాను తేవడం చూసి సోమప్ప నవ్వబోయాడు. "నవ్వుతావేం? శత్రువుదైనా పాతర పాతరే. ఈశాన్యం మూల నుంచి తెరువు ఆంజినా."

"వద్దు!" అన్నాడు గంగాధరప్ప.

ఆ కేకకు ఆవుతో సహా అందరూ ఆయన వైపు తిరిగారు.

"అంటే... నైరుతి నుంచి తెరవండి," అన్నాడు గొంతు తగ్గించి.

"నైరుతా? అది రాక్షసుల మూల గదయ్యా! నీకేమన్నా మతి పోయిందా?"

"ఈశాన్యం దిక్కు నుంచి గాలి కొడ్తాండాది. మన్ను కండ్లల్లో పడ్తాది."

"యాడుండాది గాలి? ఆకు కదల్తేనా?"

సోమప్ప చెంబు పక్కన పెట్టాడు. వినోదం ముదురుతోంది. "అది గాదు గంగాధరన్నా, ఇల్లు కట్టేటప్పుడు వాస్తు అంతా బొంకు అని మేస్త్రీతో కొట్లాడింది నువ్వే గదా?"

"అప్పుడు నమ్మలే. ఇప్పుడు నమ్ముతాండా."

"నమ్మినోళ్ళు ఈశాన్యమే గదన్నా తెరవల్సింది?"

గంగాధరప్ప గుంజను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. నమ్మితే ఈశాన్యం, నమ్మకపోతే ఏ మూలైనా ఒకటే. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఆ గొయ్యిలో తాను పెట్టిన చిల్లి.

ఆంజినమ్మ అడ్డు వచ్చింది. "యాలత్తా మామతో వాదం? నాకు యా మూలైనా ఒగటే. నేను మూసిన పాతర. లోపలంతా ఒగే మాదిరి ఉంటాది." ఎంతో ధీమాగా అంది.

ఓబమ్మ టెంకాయ కొట్టింది. ఆంజినమ్మ ఈశాన్యం మూలలో పార వేసింది. అలుకు పెచ్చులు పెచ్చులుగా లేచింది. కిందున్న పాత సొప్ప పక్కకు లాగింది.

ముందు కంపు వచ్చింది, తర్వాత రంగు కనిపించింది. నల్లగా, జిగటగా, పైన తెల్లటి బూజు పట్టి, చేత్తో ఎత్తితే ముద్దగా ఊడొచ్చింది.

ఓబమ్మకు గెలిచిన సంతోషం రావాలి న్యాయంగా. నోరు తెరిచింది గానీ, "అయ్యో, అంత పైరు..." అన్న మాట మాత్రమే బయటికి వచ్చింది. అంతలో తాను ఎవరి పక్షమో గుర్తొచ్చి కొంగు సర్దుకుంది. "చెప్పినా. చెప్తే విన్న్యారా? చిన్నప్పా, పలుపు సోమప్పకియ్యి."

చిన్నప్ప ఆంజినమ్మ వైపు చూశాడు. ఆమె వాడి వైపు చూడలేదు. గొంతుక్కూర్చుని ఆ నల్లటి మేతను పిడికిట్లో పట్టుకుని, వాసన చూసి, మళ్ళీ చూసి, "బాగా తొక్కితినే... యాడా గాలి లేకుండా తొక్కితినే..." అని తనలో తాను అంటోంది. ఏడవడం లేదు. ఏడ్చినా బాగుండేది.

పలుపు చేతులు మారింది. సోమప్ప లాగాడు. దొరసాని కదల్లేదు. ఇంకోసారి లాగితే ఒక అడుగు వేసింది.

ఆ ఒక్క అడుగు గంగాధరప్ప గుండె మీద పడింది.

"ఆగు సోమప్పా!" అని కోడలి చేతిలో పార లాక్కుని, పంచె ఎగ్గట్టి, నైరుతి మూలకు పరుగెత్తాడు. ఒక పోటు, రెండు పోట్లు. మట్టి ఆయన తల మీదా మీసాల మీదా పడుతోంది. వయసుకు తగని ఆవేశం. చిన్నప్ప పట్టుకోబోతే మోచేత్తో తోసేశాడు. సొప్ప తొలగించి, చెయ్యి లోపలికి దూర్చి, దోసిలి నిండా తీశాడు.

పండిన తమలపాకు రంగు. ముక్కకు ముక్క విడిగా ఉంది. పులిసిన మజ్జిగలో బెల్లం కలిపినట్టు వాసన.

ఆ వాసన మనుషులకంటే ముందు దొరసానికి తగిలింది. చెవులు నిక్కబొడిచి, తల ఎత్తి, ఒక్క లాగు లాగింది. పలుపు చేతికి చుట్టుకున్న సోమప్ప అరుగు దిగి వచ్చిన పెద్దమనిషి గదా, ఆ హోదాతోనే మోకాళ్ళ మీద ఈడ్చుకుంటూ పాతర దాకా వచ్చాడు. ఆవు గంగాధరప్ప దోసిట్లో మూతి పెట్టి, ఉన్నదంతా ఊడ్చేసి, ఆయన అరచేయి కూడా నాకి, ఇంకేదని చూసింది.

ఆంజినమ్మ అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. ఇంకో దోసెడు తీసి దొరసాని ముందు పెట్టి, "మామా! ఈ మూల బాగుండాదని నీకెట్ల తెలిసె?" అంది.

ఇక్కడ గంగాధరప్ప నోరు మూసుకుని ఉంటే కథ వేరే దారిన పోయేది. కానీ పొగడ్త ఎంతటివాడినైనా చెడగొడుతుంది.

"అనుభవం," అన్నాడు మీసంలోని మట్టి దులుపుకుంటూ. "పాతరంటే మాటలా? పైనుంచి చూస్తానే తెలిసిపోతాది."

"ఎంతైనా పాతర గంగాధరన్న!" అన్నాడు సోమప్ప మోకాలు తుడుచుకుంటూ.

"నైరుతి, నైరుతి అని నేను మొత్తుకుంటిని. ఎవరు విన్న్యారు?"

వినని మనిషి ఈశాన్యం మూలలో ఉంది. ఓబమ్మ వంగి, లేచిపోయిన అలుకు పెచ్చును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూస్తోంది. ఇంకొకటి తీసింది. రెండూ పక్కపక్కన పెట్టింది.

"ఆంజినా, ఇట్రా. ఇది నీ చెయ్యా?"

ఆంజినమ్మ చూసింది. "కాదత్తా. మనం మూరెడు పొడుగు లాగి అలుకుతాం గదా. వేళ్ళ గీతలు వస్తాయి. ఇదెవరో తట్టినారు."

"తట్టినారు. రొట్టె తట్టినట్ల తట్టినారు. ఒగ పొర కాదు, పొర మీద పొర. ఆడదాని చెయ్యి కాదిది. ఈ ఇంట్లో అలుకు ఎరగని చెయ్యి."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, గంగాధరప్ప రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. ఓబమ్మ చూడనే చూసింది. ముప్పై ఏళ్ళ కాపురం ఊరికే పోదు.

"ముందుకు పెట్టు చేతులు."

పెట్టాడు. గోళ్ళ సందుల్లో నిన్నటి పేడ ఇంకా ఉంది.

ఇక దాచి లాభం లేదు. చెప్పాడు. పాతరకు ఊపిరి అన్నాడు, నాయన మాట అన్నాడు, దీపం అన్నాడు, ఆవిరి అన్నాడు. చెబుతున్నకొద్దీ అది తనకే ఎంత తెలివితక్కువగా వినిపిస్తోందో తెలిసి గొంతు సన్నబడింది. "దొరసాని కోసమే చేసినా," అన్నాడు చివరికి. ఆ మాట ఆయన నోట రావడం అదే మొదటిసారి.

ఆంజినమ్మ తన కాళ్ళకేసి చూసుకుంది. "నన్నడిగింటే చెప్తాంటి గదా మామా. కాళ్ళు బొబ్బలెక్కేదంక తొక్కితిని. ఒగ మూలంతా దిబ్బపాలాయె," అంది. కోపంగా అని ఉంటే ఆయన తట్టుకునేవాడు. మెల్లగా అంది.

ఓబమ్మ మాత్రం నవ్వింది. పగలబడి నవ్వింది. సోమప్ప కూడా కలిశాడు. చిన్నప్ప కలుద్దామా వద్దా అని చూస్తుండగానే ఆమె నవ్వు ఠక్కున ఆగిపోయింది.

"దినామూ తెల్లార్తో లేస్తాంటివా దాని కోసం?"

"ఊ."

"పేడ చేత్తో ముట్టితివా?"

"ముట్టినా."

"పోయిన చలికాలం నాకు జ్వరమొచ్చి లేవలేక పండుకుంటి. ఒగ పొద్దు పేడకడి ఎత్తినావా? ఒగ చెంబు వేన్నీళ్ళు పెట్టినావా? ఆవును అమ్మల్ల, అమ్మల్ల అని నేను యాల నెత్తీ నోరూ కొట్టుకుంటాండానో ఈ ఇంట్లో ఎవరన్నా అడిగినారా? మేత ల్యాక అనుకుంటాండారు మీరంతా. మేత ల్యాక కాదు. నా నడుము ల్యాక!"

సోమప్ప తువ్వాలు సర్దుకున్నాడు.

"నాటావు చెంబెడు ఇస్తాండె, చెంబెడు పనుండె. ఇది బిందెడు ఇస్తాది, బిందెడు పని పెడ్తాది. కుడితి పెట్టేది నేను. కడిగేది నేను. రెండు పూటలా పిండేది నేను. క్యాను నెత్తిన పెట్టుకొని రోడ్డు దంక పోయేది ఇదో, ఇది." కోడలి వైపు చెయ్యి చూపించింది. "మగోళ్ళిద్దరూ ఏం చేస్తారు? ఒగడు తల ఊపుతాడు. ఇంగొగాయన ఊపిరి తీస్తాడు!"

ఆమె లోపలికి పోయింది. పెట్టె మూత చప్పుడైంది. ఒక మూట కట్టుకుని బయటికొచ్చింది.

"సోమప్పా, నువ్వు బస్సుకే గదా పోయేది? పా, నేనూ వస్తాండా. విడపనకల్లుకు మా అన్న ఇంటికి పోతా. ఆవు ఉండనీ. గెలిచింది గదా, ఉండనీ."

అందరూ గంగాధరప్ప వైపు చూశారు. ఆయన ఏదో ఒకటి అనాలి. పోవద్దే అనవచ్చు. తప్పైపోయింది అనవచ్చు. మూట పట్టుకున్నా చాలు, మాట కూడా అక్కర్లేదు. ఆయనకు అవన్నీ గొంతు దాకా వచ్చాయి. కళ్ళు కూడా తడి అయ్యాయి. నోరు తెరిచాడు.

"సాయంత్రం పాలెవరు పిండల్ల?" అన్నాడు.

సోమప్ప కళ్ళు మూసుకున్నాడు.

ఓబమ్మ ఆయన్ని తిట్టలేదు. పైకీ కిందికీ ఒకసారి చూసి, మూట సోమప్ప చేతికిచ్చి, నడిచింది. వచ్చేటప్పుడు ఉత్త చేతులతో వచ్చిన సోమప్ప, ఆవును తోలుకుపోవాల్సిన వాడు, ఓబమ్మ మూట చంకన పెట్టుకుని ఆమె వెనకే నడిచాడు.

ఆంజినమ్మ తీసిన మేత గంపలోకి ఎత్తుతూ ఉన్నదల్లా గంప కింద పెట్టింది. తెరిచిన నైరుతి మూలను సొప్పతో, మట్టితో గట్టిగా మూసింది. చేతులు కడుక్కుంది. లోపలికి పోయి చీర మార్చుకుని వచ్చింది.

"అత్తా, ఉండు! నేనూ వస్తాండా."

"నువ్వు యాడికి?" అన్నాడు చిన్నప్ప. ఆ పూటలో వాడు వేసిన మొదటి ప్రశ్న అది.

"అత్తను దిగబెట్టేదానికి. ఇందాక పలుపు ఆయన చేతికిచ్చినప్పుడు అడగల్సింది నువ్వు, ఎవరు యాడికి పోతాండారని." ఆమె మామ వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు, పని అప్పగించే మనిషి గొంతు. "మామా, దినామూ ఆ మూల నుంచి ఒగ వరస మాత్రమే తీయండి. తీసినంక మళ్ళా గట్టిగ మూయండి. కుళ్ళింది దిబ్బలో వెయ్యండి, ఆవుకు పెట్టద్దు. ఊపిరి గీపిరి జోలికి పోవద్దండి. పాల వ్యాను పొద్దు గూకక ముందే వస్తాది."

"ఎప్పుడొస్తారు మల్ల?" అన్నాడు గంగాధరప్ప దీనంగా.

వీధి మలుపు నుంచి ఓబమ్మ గొంతు వినిపించింది. "నీ పాతర్ని అడుగు! దాని ఊపిరి నీకు బాగా తెలుసు గదా!"

ఇద్దరు ఆడవాళ్ళూ కలిసి నడుస్తూ పోతుంటే తండ్రీకొడుకులు చూస్తూ నిలబడ్డారు. పొద్దున్నుంచి ఒకరి మొహం ఒకరు చూసుకోని అత్తాకోడళ్ళు అంతలోనే ఏదో మాట్లాడుకుంటున్నారు. ఓబమ్మ ఏదో అంది. ఆంజినమ్మ నవ్వింది. సోమప్ప మూట చంక మార్చుకున్నాడు. ముగ్గురూ మలుపు తిరిగిపోయారు.

దొరసాని గంప ఖాళీ చేసింది. బాగా తినడం వల్లనో ఏమో, పొద్దు వాలేసరికి పొదుగు బిగిసి వచ్చింది. కాళ్ళు మార్చి మార్చి నిలబడుతూ ఓబమ్మ వచ్చే దారి వైపు చూసి ఒకసారి అరిచింది. జవాబు రాకపోయేసరికి ఇంకోసారి, గట్టిగా అరిచింది. కొట్టంలో దూడ కూడా అందుకుంది.

దూరంగా తారు రోడ్డు మీద పాల వ్యాను హారను వినబడింది.

చిన్నప్ప క్యాను తెచ్చి ఆవు పక్కన పెట్టాడు. కొంచెం దూరంగా జరిగి నిలబడ్డాడు.

"నాయనా," అన్నాడు, "నీకు పిండేది వస్తాదా?"

గంగాధరప్ప సరిగ్గా ఆ మాటే వాణ్ణి అడుగుదామని నోరు తెరిచి ఉన్నాడు.